కొండనాలుక తీసేశాక

"వదినా, అన్నకు ఇంకా ఆ ఏనుగు తొండం ఎందుకు? నాలాగా ఒక్కసారి కోయించుకుంటే పీడ విరగడవుతుంది కదా!" మే నెలలో ప్రొద్దుటూరులో, వాళ్లింట్లో, బంతిలో అందరి ముందూ మా మరిది అన్న మాట ఇది. అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. ఆయనకు స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బు. ముక్కుకు మాస్క్, దానికో గొట్టం తగిలించి, గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ యంత్రాన్ని సంచిలో పెట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒడిలో పెట్టుకుని, అనంతపురం నుంచి తాడిపత్రి మీదుగా బస్సులో తెచ్చుకున్న మనిషి ఆయన. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

తిరుగు ప్రయాణంలో తాడిపత్రి దాటాక నోరు విప్పాడు. "మనమూ ఆపరేషన్ సంగతి కనుక్కుందామా?" నేను వెంటనే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే సరిగా తెలియడానికి మూడు నెలలు పట్టింది. తెలిశాక, నేను అనుకున్నదాంట్లో సగం తప్పని కూడా తేలింది. నేను డాక్టరును కాను. ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరును. పాతికేళ్లుగా గురకపెట్టే మనిషి పక్కన మేలుకుని ఉన్న సాక్షిని. ఈ వ్యాసానికి నాకున్న అర్హత అంతే.

ఆ రాత్రి సంగతి ముందు చెప్పాలి. ఉక్కపోతకు ఇంట్లో ఉండలేక అందరం మిద్దె మీద వరసగా పక్కలు వేసుకున్నాం. మరిదికీ అదే జబ్బు. రెండేళ్ల కిందట అతనికి టాన్సిల్స్, కొండనాలుక, మెత్తటి అంగిలి అంచు తీసేశారు. అంతకుముందు అతను మిద్దె మీద పడుకుంటే ఎదురింటివాళ్లు చాపలు చుట్టుకుని కిందికి దిగేవారు. ఇప్పుడు చప్పుడే లేదు. పక్కనే మా తోడికోడలు హాయిగా నిద్రపోతోంది. "అక్కా, పెళ్లయిన పదకొండేళ్లకు నాకు నిద్రంటే ఏమిటో తెలిసింది" అని పొద్దునే చెప్పింది.

పన్నెండు దాటాక ఆ నిశ్శబ్దం నాకెందుకో నచ్చలేదు. వెన్నెల్లో అతని ఛాతీ ఎగిరిపడటం కనిపిస్తోంది, ఊపిరి చప్పుడు మాత్రం లేదు. అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. 26 దగ్గర చిన్న ఎగశ్వాస, కాలు ఒకటి జాడించడం, మళ్లీ మామూలు. కాసేపటికి ఇంకొకటి. ఈసారి 22. పది సెకన్లు ఆగితేనే దాన్ని ఆప్నియా అంటారు. పదిహేను నిమిషాలు చూసి, అది నా పని కాదనుకుని అటు తిరిగి పడుకున్నాను.

ఒంటిగంటకు కరెంటు పోయింది. మా ఆయన యంత్రం ఆగిపోయింది. ఆయన తొండం ఊడబెరికి పక్కన పడేసి గురక మొదలుపెట్టాడు. పొద్దున కాఫీల దగ్గర ఆయన్నే ఆటపట్టించారు. ఆ మిద్దె మీద ఒకే జబ్బున్నవాళ్లు ఇద్దరు పడుకుంటే, చప్పుడు చేసినవాడే దొరికిపోయాడు.

కావలి కుక్కను కొట్టి తరిమినట్టు

మనకు "గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు" అంటే సుఖంగా నిద్రపోతున్నాడని అర్థం. ఆ భ్రమ నుంచి బయటపడినవాళ్లు కూడా వెంటనే ఇంకో భ్రమలో పడతారు. గురకే జబ్బు, అది ఆగితే జబ్బు తగ్గినట్టే అనుకుంటారు. గురక అంగిలి, కొండనాలుక వణకడం వల్ల వచ్చే చప్పుడు. ఊపిరి ఆగడం గొంతు గోడలు మూసుకుపోవడం వల్ల జరిగే పని. అవి మూసుకుపోయే చోటు అంగిలి దగ్గర ఉండొచ్చు, నాలుక మొదట్లో ఉండొచ్చు, ఇంకా కిందా ఉండొచ్చు. చాలామందికి ఒకటికన్నా ఎక్కువ చోట్ల ఉంటుంది. అంగిలిని కత్తిరిస్తే వణికేది పోతుంది కాబట్టి చప్పుడు పోతుంది. నాలుక మొదలు మాత్రం గొంతులోకి జారుతూనే ఉంటుంది.

ఈ జబ్బులో మొదట రోగిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది చాలాసార్లు భార్యే. తనకు ఊపిరి ఆగుతోందని రోగికి తెలియదు కదా. ఆవిడ చేతిలో ఉన్న సాధనం చెవి ఒక్కటే. అంగిలి ఆపరేషన్ ఆ చెవికి పని లేకుండా చేస్తుంది, పైగా ఆవిడను నిద్రపుచ్చుతుంది. మా తోడికోడలి నిద్ర నాకు ఈర్ష్య కలిగించే నిద్రే. కానీ మరిదికి ఉన్న ఒకే ఒక కాపలా కూడా ఆ నిద్రతోనే పోయింది.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెతను మా అత్తగారు ఆపరేషన్‌కు ముందు అతనికి గుర్తుచేశారట. సామెత అనగానే నవ్వేశారు. నాలుక ఊడలేదు గానీ, మూడు వారాలు మజ్జిగ తాగితే ముక్కులోంచి వచ్చేది. అది తగ్గింది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉండటం మాత్రం ఇప్పటికీ ఉందంటాడు, అదీ గుచ్చిగుచ్చి అడిగితేనే. ఇవి అతని ఒక్కడి గొడవలు కావు, ఈ ఆపరేషన్ తర్వాత రావచ్చని వైద్యులు ముందే చెప్పే ఇబ్బందులే.

46లో సగం ఎంత?

మరిదిని మళ్లీ నిద్ర పరీక్షకు ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది. "తగ్గిన జబ్బుకు పరీక్ష ఏమిటి వదినా?" అనేవాడు. అతని తప్పేమీ లేదు. ఆపరేషన్ చేసినవాళ్లు కూడా ఆ మాట ఎత్తలేదు. కుట్లు చూశారు, గురక తగ్గిందా అని అడిగారు, పంపించేశారు. చివరికి తోడికోడలే పట్టుబట్టింది. ఆపరేషన్‌కు ముందు గంటకు 46 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరిగేది. ఇప్పుడు 19.

మొదట నేనూ సంతోషించాను. తర్వాత ఆ నివేదిక చూసిన డాక్టరు "ఇది విజయవంతమైన ఆపరేషన్ కిందే లెక్క" అన్నాడని విని, ఆ లెక్క ఏమిటో చూద్దామని కూర్చున్నాను. శస్త్రచికిత్స రంగంలో చాలా ఏళ్లుగా చెల్లుతున్న సూత్రం ఇది: అంకె సగానికన్నా తగ్గాలి, 20కన్నా తక్కువకు రావాలి. 46లో సగం 23. 19 దానికన్నా తక్కువ, 20కన్నా కూడా తక్కువ. పాస్.

జబ్బు తీవ్రతను కొలిచే పట్టిక మాత్రం వేరు. 5 లోపు మామూలు. 5 నుంచి 15 తేలిక, 15 నుంచి 30 మధ్యరకం, 30 దాటితే తీవ్రం. ఇదే 19తో ఎవరైనా కొత్తగా ఆసుపత్రికి వెళితే "మీకు మధ్యరకం స్లీప్ ఆప్నియా ఉంది, చికిత్స కావాలి" అంటారు. ఒకే అంకె, ఒక గదిలో జబ్బు, పక్క గదిలో విజయం. మా బడిలో ఒకే జవాబుపత్రానికి ఇద్దరు టీచర్లు ఇలా మార్కులు వేస్తే హెడ్మాస్టరు ఇద్దరినీ పిలిపిస్తాడు.

ఆ మెత్తని సూత్రం పెట్టుకుని కూడా, 1996లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఎవరికి పడితే వాళ్లకు చేసిన అంగిలి ఆపరేషన్లలో గట్టెక్కినవి సుమారు 40 శాతం. ఇందులో నాకు ఆసక్తి కలిగించింది సగటు కాదు, దాని వెనక దాగిన తేడా. 2002లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, టాన్సిల్స్ పెద్దవిగా ఉండి, నోరు తెరిస్తే అంగిలి బాగా కనిపించేవాళ్లలో దాదాపు 80 శాతం మందికి పనిచేసింది. టాన్సిల్స్ చిన్నవై, నాలుక ఎత్తుగా నిలిచి అంగిలిని మూసేసేవాళ్లలో పదిమందిలో ఒక్కరికి కూడా సరిగా పనిచేయలేదు. అదే కత్తి, అదే చెయ్యి, గొంతు వేరు. అలాంటప్పుడు "ఆపరేషన్ మంచిదా, యంత్రం మంచిదా?" అనే ప్రశ్నే అడగకూడదు. ఎవరి గొంతు, ఎక్కడ మూసుకుపోతోంది? అది తెలుసుకునే దారి కూడా ఉంది. మత్తు ఇచ్చి నిద్రపుచ్చి, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి, మూసుకుపోతున్నప్పుడే చూస్తారు. 1991 నుంచీ ఉన్న పద్ధతి. మరిదికి ఆ పరీక్ష చేయలేదు.

ఇక్కడిదాకా వచ్చేసరికి నా వాదం గెలిచిందనుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పాను, కొంచెం గర్వంగానే. "చూశారా, మీ తమ్ముడికి ఇంకా 19 ఉంది. మీ యంత్రంలో ఎంత చూపిస్తోంది? మూడు."

నా లెక్కలో తప్పు

ఆ మూడు నిజమే. యంత్రం పెట్టుకున్నంతసేపూ మా ఆయనకు గంటకు మూడే. మరి ఎంతసేపు పెట్టుకుంటున్నాడు? యంత్రంలో ఒక చిన్న కార్డు ఉంటుంది, అన్నీ రాసుకుంటుంది. దాన్ని కంప్యూటర్‌లో పెట్టి చూస్తే సగటున రాత్రికి మూడు గంటలు. ఆయన పడుకునేది ఏడు గంటలు. ముక్కు మూసుకుపోయిందని, మాస్క్ కింద చెమట పట్టిందని, కరెంటు పోయిందని, ఏ రెండింటికో తీసి పక్కన పెడతాడు. పొద్దున నేను లేచేసరికి మళ్లీ తగిలించుకుని ఉంటాడు. ఇన్నాళ్లూ నేను మోసపోయింది ఇక్కడే.

యంత్రం లేనప్పుడు ఆయన అంకె 38. మూడు గంటలకు మూడు చొప్పున 9. మిగిలిన నాలుగు గంటలకు 38 చొప్పున 152. మొత్తం 161. ఏడుతో భాగిస్తే 23.

నల్లబల్ల మీద ఇలాంటి లెక్కలు వేల సార్లు చేశాను. ఇది మాత్రం రెండోసారి వేసి చూసుకున్నాను. నేను వెక్కిరించిన మరిది ఆపరేషన్ 19 దగ్గర ఉంది, నేను వెనకేసుకొచ్చిన మా యంత్రం 23 దగ్గర. ఆ 23 కూడా దయతో వేసిన మార్కే. కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువ, ఆ నిద్రలో కండరాలు బాగా సడలి ఊపిరి మరింత ఆగుతుంది. మా ఆయన మాస్క్ తీసేది సరిగ్గా ఆ గంటల్లోనే.

ఆపరేషన్ వైపువాళ్ల బలమైన వాదం ఇదే, నేను పట్టించుకోకుండా వదిలేసింది. కోసిన గొంతు రాత్రంతా కోసినట్టే ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు, బద్ధకం లేదు. యంత్రాన్ని తట్టుకోలేనివాళ్లను 102 మందిని తీసుకుని ఆస్ట్రేలియాలో చేసిన ఒక అధ్యయనం 2020లో వచ్చింది. సగం మందికి అంగిలి సరిచేసి నాలుక మొదలును కూడా కొంత తగ్గించారు, మిగతా సగానికి మామూలు వైద్యం. ఆరు నెలలకు ఆపరేషన్ అయినవాళ్ల సగటు సుమారు 48 నుంచి 21కి దిగింది. మిగతావాళ్లది 45 నుంచి 34 దగ్గరే ఆగింది. 21 అంటే జబ్బు పోలేదు. కానీ పగటి మగత బాగా తగ్గింది. తాడిపత్రి రోడ్డు మీద ఒకసారి కారు నడుపుతూ కునుకు తీసి, రోడ్డు దిగిన తర్వాత మేలుకున్న మనిషి భార్యగా, పగటి మగత తగ్గడం చిన్న విషయమని నేను అనలేను.

కాబట్టి మరిదిది దండగ ఆపరేషన్ అని ఇప్పుడు అనను. సగం పని జరిగింది, పూర్తయిందని చెప్పి పంపించారు. నా కోపం ఆ రెండో ముక్క మీద. రక్తపోటుకు మందు ఇచ్చి మళ్లీ కొలవని డాక్టరు ఉంటాడా? గొంతు కోసి మళ్లీ కొలవకపోతే ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. కొలిస్తే వచ్చేది నూటికి నూరు కాకపోవచ్చన్న జంకు రెండు వైపులా ఉందేమో. రోగికి విజయం కావాలి, డాక్టరుకూ విజయమే కావాలి. భార్యకేమో నిద్ర కావాలి.

ఆ అంకెలను నేను దేవుడి వాక్యంలా కూడా తీసుకోవడం లేదు. ఒక రాత్రి పరీక్షకూ ఇంకో రాత్రి పరీక్షకూ తేడా వస్తుంది. వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, పక్కకు తిరిగితే తగ్గుతుంది. మరిది మిద్దె మీద ఆ రాత్రి వెల్లకిలానే ఉన్నాడు. 19 అన్నది 14 కావచ్చు, 25 కావచ్చు. అయినా చప్పుడును నమ్ముకోవడం కన్నా నయం.

మిగతా కత్తులు

అంగిలి ఒక్కటే కాదు, ఇంకా చాలా ఉన్నాయి. అన్నింటికన్నా పాతది మెడ ముందు రంధ్రం చేసి గొట్టం పెట్టడం. గొంతులో అడ్డంకి ఎక్కడ ఉన్నా దాటేస్తుంది, అందుకే అంత ఖాయంగా పనిచేసేది మరొకటి లేదు. దాన్ని కోరి చేయించుకునేవాడూ లేడు. పై దవడను, కింది దవడను రెండింటినీ కోసి సెంటీమీటరు దాకా ముందుకు జరిపే ఆపరేషన్ ఉంది. ఎంపిక సరిగా ఉంటే నూటికి 85 మంది దాకా, పైన చెప్పిన మెత్తని సూత్రం ప్రకారమే, పాస్ అవుతారు. ఎముక జరిగితే దానికి అంటుకున్న నాలుక, అంగిలి కూడా ముందుకు వస్తాయి, గొంతు వెడల్పవుతుంది. కానీ అది పెద్ద ఆపరేషన్. వారాల తరబడి ద్రవాహారం, ముఖం రూపు కొంత మారడం, గడ్డం తిమ్మిరి. దీని గురించి విన్నప్పుడు మా ఆయన అద్దం ముందుకు వెళ్లి గడ్డం పట్టుకుని చూసుకున్నాడు. మాట మార్చేశాడు.

ఛాతీ మీద చర్మం కింద పేస్‌మేకర్ లాంటిది అమర్చి, నాలుకను కదిలించే నరానికి సన్నటి కరెంటు ఇచ్చే పద్ధతికి అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. 126 మంది మీద చేసిన అధ్యయనంలో ఏడాదికి మధ్యస్థ అంకె 29 నుంచి 9కి దిగింది. యంత్రం వాడలేనివాళ్లను, మరీ లావుగా లేనివాళ్లను, గొంతు ఒక ప్రత్యేకమైన తీరులో చుట్టూతా మూసుకుపోనివాళ్లను ఏరి మరీ తీసుకున్నారు. అంటే ఇక్కడ కూడా ముందు చూశారు, తర్వాత కోశారు. దాని ధర మా ఇద్దరి భవిష్య నిధిని దాటి ఉంటుంది కాబట్టి ఆ పేజీ మూసేశాను.

పిల్లల విషయంలో నాకు ఈ తటపటాయింపు లేదు. మా బడిలో ఆరో తరగతి పిల్లవాడు ఒకడు నోరు తెరుచుకుని ఊపిరి పీల్చేవాడు, రెండో పీరియడ్‌కే బల్ల మీద వాలిపోయేవాడు. బద్ధకస్తుడని రిపోర్టులో రాసింది నేనే. టాన్సిల్స్, ముక్కు వెనక కండ తీయించాక మూడు నెలల్లో పిల్లవాడు మారిపోయాడు, నేను రాసిన మాట రికార్డులో అలాగే ఉంది. పిల్లల్లో మొదట ఆలోచించేది ఆ ఆపరేషన్ గురించే. 464 మంది పిల్లల మీద అమెరికాలో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఏడు నెలలకు ఆపరేషన్ అయినవాళ్లలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలు స్థాయికి వచ్చింది. ఏమీ చేయకుండా గమనిస్తూ ఉన్నవాళ్లలో కూడా 46 శాతం మందికి దానంతటదే మామూలైంది. ఆ రెండో అంకెను ఆపరేషన్ వద్దనేవాళ్లు వాడుకుంటారు, తప్పు కాదు. కానీ ప్రవర్తన, రోజువారీ జీవితం మెరుగైంది ఆపరేషన్ అయినవాళ్లలోనే ఎక్కువ.

డబ్బు సంగతి చెప్పకుండా దాటేస్తే అబద్ధం చెప్పినట్టే. మరిది ఆపరేషన్‌కు బీమా కంపెనీ నేరుగా ఆసుపత్రికి కట్టేసింది. మా యంత్రం 45 వేలు మేమే పెట్టుకున్నాం. ఆసుపత్రిలో మంచం ఎక్కితే డబ్బులు, ఇంట్లో మంచం పక్కన పెట్టుకుంటే లేవు. మధ్యతరగతి మనిషి ఏ వైపు మొగ్గుతాడో డాక్టరు చెప్పక్కర్లేదు, పాలసీ కాగితమే చెబుతుంది. బరువు తగ్గించే ఆపరేషన్‌కు సైతం, ఎత్తుతో పోల్చి బరువును కొలిచే బీఎంఐ 35 దాటి తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉంటే బీమా వర్తించేలా నిబంధన ఉంది. యంత్రానికి అలాంటి దయ మా పాలసీలో కనిపించలేదు.

బెంగళూరులో

ఆగస్టులో ఇద్దరినీ వెంటబెట్టుకుని బెంగళూరు వెళ్లాం. మరిదికి మత్తు ఇచ్చి కెమెరాతో చూశారు. అంగిలి దగ్గర ఇప్పుడు దారి బాగుంది, నాలుక మొదలు వెనక్కి పడుతోంది. పక్కకు తిరిగి పడుకోవడం, ఎనిమిది కిలోలు తగ్గడం, అప్పటికీ కుదరకపోతే యంత్రం అన్నారు. అంగిలి కత్తిరించినవాళ్లలో కొందరికి గాలి నోటిలోంచి జారిపోయి మాస్క్ సరిగా కుదరదని కూడా అన్నారు. ఇది ఆపరేషన్‌కు ముందు చెప్పాల్సిన మాట. మరిది ఏమీ అనలేదు. కారులో కూర్చున్నాక "తొండం నాకూ తప్పదేమో" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

మా ఆయనకు చూసింది గొంతు కాదు, ముక్కు. దూలం లోపల బాగా వంకర ఉంది, ఎడమ వైపు దాదాపు మూసుకుపోయింది. దాన్ని సరిచేస్తే ఆయన 38 పెద్దగా తగ్గదని డాక్టరు ముందే చెప్పేశాడు. గాలి ఒత్తిడి తగ్గించవచ్చు, మాస్క్ భరించగలుగుతాడు, గంటలు పెరుగుతాయి, అంతే. "అంటే ఆపరేషన్ చేయించుకున్నా యంత్రం తప్పదా?" అని మా ఆయన రెండుసార్లు అడిగాడు. తప్పదు. పాపం, ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నాకు మాత్రం ఈ మూడు నెలల్లో నచ్చిన ఆపరేషన్ ఇదొక్కటే, ఎందుకంటే ఏం చేయదో ముందే చెప్పింది.

దసరా సెలవుల్లో తేదీ ఇచ్చారు. వంటింటి క్యాలెండర్‌లో ఆయన దాని చుట్టూ సున్నా చుట్టుకున్నాడు. నేను మూడు నెలలు లెక్కపెట్టి, కొత్త క్యాలెండర్ ఇంకా రాలేదు కాబట్టి, డిసెంబరు పేజీ అడుగున "జనవరిలో మళ్లీ పరీక్ష, కార్డులో గంటలు చూడాలి" అని ఎర్ర సిరాతో రాశాను.

"అప్పటికి గురక పూర్తిగా పోతే?" అన్నాడు.

"పోయినా" అన్నాను.